మర్నాటి నుంచి ముందురాత్రికి

నువ్వు ముగింపు దగ్గరే మొదలవుతావు, వేస్ట్‌లాండ్. రివర్‌సైడ్ ఆల్బమ్‌వి నువ్వు; నీ మొదటి పాట 'ద డే ఆఫ్టర్', చిట్టచివరి పాట 'ద నైట్ బిఫోర్'. అంతా అయిపోయిన మర్నాడు కళ్లు తెరిచి, ఇంకా ఏమీ జరగని ముందురాత్రి దగ్గర కళ్లు మూస్తావు. మొత్తం తొమ్మిది పాటలు, దాదాపు 51 నిమిషాలు. లోకం తేదీలు తిప్పుకుంటూ ముందుకు పోతుంటే నువ్వు వెనక్కి నడుస్తావు. పోయినవాళ్లని కలుసుకోవాలంటే మనిషికి ఆ ఒక్క దారే ఉంది మరి.

మొదటి పాటలో నీ వెంట వాద్యమేదీ బయల్దేరదు. ఒట్టి గొంతు. శ్రుతి అందించేవాళ్లు లేరు, తాళం వేసేవాళ్లు లేరు. గాయకుడు మరియుష్ దూదా గొంతు ఆ ఖాళీలోకి దిగి, కాలు మోపడానికి చోటు వెతుక్కుంటుంది. అలా కాసేపు ఒంటరిగా నడిచాక గాని చుట్టూ చప్పుడు ముసురుకోదు, 'యాసిడ్ రెయిన్' అనే బరువైన వాన మొదలవదు. రాక్ సంగీతానికి బలం గుంపు. నువ్వు ఒక్కడితో మొదలుపెట్టావు. ఎందుకో నీ కథ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెప్పుకోవాలి.

2001లో వార్సాలో నిన్ను చేసిన రాక్ బృందం రివర్‌సైడ్ పుట్టింది. డ్రమ్స్ దగ్గర ప్యోతర్ కొజెరాద్స్కి, డెత్ మెటల్ వాయించి వచ్చిన చేతులు. గిటార్ ప్యోతర్ గ్రుజిన్‌స్కిది. బేస్ గిటారూ పాటా దూదావి. కొన్నాళ్లకి కీబోర్డుల దగ్గరికి మిహావ్ వాపాయ్ చేరాడు. 2003లో తొలి ఆల్బమ్ 'అవుట్ ఆఫ్ మైసెల్ఫ్' వచ్చినప్పటి నుంచీ గ్రుజిన్‌స్కి గిటారే ఆ బృందానికి రెండో గొంతు. వేళ్ల వేగం చూపించి చప్పట్లు అడిగే రకం కాదది. ఒక స్వరాన్ని పట్టుకుని, సాగదీసి, దానికి కాస్త వణుకు తొడిగి, వదల్లేక వదల్లేక వదులుతుంది. దూదా పాట ఆపిన చోట గిటార్ అందుకునేది. మాటల్లో పట్టక మిగిలిపోయినదంతా అది చెప్పేది.

2015 సెప్టెంబరులో 'లవ్, ఫియర్ అండ్ ద టైమ్ మెషిన్' వచ్చింది. కిటికీలు తెరిచినంత వెలుతురున్న ఆల్బమ్. ఆరు నెలలు తిరక్కముందే, 2016 ఫిబ్రవరి 21న, గ్రుజిన్‌స్కి గుండె ఆగిపోయింది. నలభై ఏళ్లు. వీడ్కోలు లేదు. అదే ఏడాది దూదా తండ్రిని కూడా పోగొట్టుకున్నాడు.

ఇంటిపెద్ద పోయాక ఆయన కుర్చీలో వెంటనే ఎవరూ కూర్చోరు. పక్కన నిలబడి మాట్లాడుకుంటారు, కుర్చీ జోలికి పోరు. మిగిలిన ముగ్గురూ అదే చేశారు. గ్రుజిన్‌స్కి చోటులో ఇంకొకరిని పెట్టకుండా ముగ్గురిగానే కొనసాగారు. వేదిక ఎక్కడానికి మాచెయ్ మెల్లర్‌ని అతిథిగా పిలుచుకున్నారు. నిన్ను చేయడానికి కూర్చున్నప్పుడు మాత్రం గిటార్ చాలావరకు దూదాయే ఎత్తుకున్నాడు. మామూలు బేస్ కన్నా ఒక స్థాయి పైన పలికే పికలో బేస్‌కి గిటార్ గరుకుదనం ఎక్కించి వాయించాడు. అందుకే కొన్నిచోట్ల గిటార్ మోగుతోందనుకుని చెవి మోసపోతుంది. అక్కడ బేస్ తీగ తన ఎత్తుకి మించి గొంతెత్తి, లేనివాడి వంతు పాడుతూ ఉంటుంది.

2018 సెప్టెంబరు 28న నువ్వు బయటికొచ్చావు. అంతకుముందు బృందం పెట్టిన పేర్లు మూడు మాటలవి, నాలుగు మాటలవి, ఐదు, ఆరు. నీ దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాట చాలింది.

నీలోకి దిగి నడిస్తే ఎన్ని నేలలు! 'వేల్ ఆఫ్ టియర్స్'లో నేల గట్టిది, అడుగు వేస్తే ఎదురు తన్నుతుంది. అది దాటాక 'గార్డియన్ ఏంజెల్'లో దూదా గొంతు మంద్రానికి దిగి, అక్కడా ఆగక ఇంకో మెట్టు కిందికి పోతుంది. అంత కిందికి దిగిన గొంతు అరవలేదు, ఆర్భాటం చేయలేదు. పక్కన కూర్చుని చెప్పినట్టే చెబుతుంది. కావలి కాసేవాడికే కావలి కావలసిన రాత్రి అది. 'లామెంట్' పేరుకే విలాపం. గుండెలు బాదుకోవడానికి సిద్ధపడి వింటామా, ముందు మాట్లాడినంత నెమ్మదిగా పాడతాడు. ఆ నెమ్మదే తర్వాత విరుచుకుపడే బరువుని మోస్తుంది.

'ద స్ట్రగుల్ ఫర్ సర్వైవల్' దగ్గర మాటలు చేతులెత్తేస్తాయి. తొమ్మిదిన్నర నిమిషాలు. బతకాలనే మొండితనానికి భాష అక్కర్లేదన్నట్టు కొజెరాద్స్కి డ్రమ్స్ ముందు పరుగెడతాయి, వాపాయ్ కీబోర్డులు వెనకనుంచి తరుముతాయి. ఇంతసేపూ దిగులుగా తలవంచుకుని నడిచిన మనిషి హఠాత్తుగా తల ఎత్తి పోట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ పాట. పోట్లాట అయ్యాక రొప్పు తీరడానికి 'రివర్ డౌన్ బిలో'. అకౌస్టిక్ గిటార్, గొంతు, తొందర లేని నడక. కోపం కడిగేసుకున్నాక ముఖం ఎలా ఉంటుందో ఆ పాటకి తెలుసు. ఇక నీ పేరే పెట్టుకున్న ఎనిమిదో పాటలో పాత వెస్టర్న్ సినిమాల ఎడారి గాలి వీస్తుంది. కనుచూపు మేర ఎవరూ లేని చోట కూడా రాగం దిక్కు తప్పదు.

కార్మాక్ మెకార్తీ నవల 'ద రోడ్' నీ వెనక ఉంది. బూడిద కమ్మిన లోకంలో ఒక తండ్రీ కొడుకూ దక్షిణానికి నడుచుకుంటూ పోయే కథ. లోకం ఎందుకు తగలబడిందో ఆ నవల చెప్పదు. నువ్వూ చెప్పవు. తగలబడ్డాక మనిషి చెయ్యి మనిషి ఎలా పట్టుకుంటాడన్నదే నీకు కావాలి. తండ్రిని పోగొట్టుకున్న కొడుకు ఆ నడకని పాటగా కట్టాడని తెలిసి వింటే, నీలోని బూడిద కల్పనలా అనిపించదు.

నువ్వు రికార్డయిన ఊరికీ బూడిద కొత్త కాదు. 1944 తిరుగుబాటు తర్వాత నాజీ సైన్యం వార్సాని వీధి వీధీ పనిగట్టుకుని కూల్చింది. ఊరి చారిత్రక కేంద్రంలో 85 శాతానికి పైగా నేలమట్టమైంది. యుద్ధం ఆగాక జనం ఆ ఇటుకల కుప్పల మధ్యకే తిరిగొచ్చారు. 18వ శతాబ్దంలో బెర్నార్దో బెలొత్తో గీసిన నగర చిత్రాలని ముందు పెట్టుకుని, గోడ తర్వాత గోడ, పాత పట్నాన్ని మళ్లీ నిలబెట్టారు. 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ కిటికీ కిటికీకీ రెండు వయసులున్నాయి: కట్టిన వయసు ఒకటి, గుర్తుపెట్టుకున్న వయసు ఒకటి. దూదా చేతిలోని గిటార్‌కీ అలాగే రెండు వయసులు. తీగ మీద వేలు ఈనాటిది. ఆ వేలికి దారి చూపే చెవి మాత్రం గ్రుజిన్‌స్కితో పదిహేనేళ్లు గడిపింది.

నీ దిగులుని మెచ్చుకునేది అందుకే, వేస్ట్‌లాండ్. అది మూల కూర్చుని తనని తాను చూసుకుని మురిసే దిగులు కాదు. వాన పడుతుంటే కిటికీ పక్కన చేరే ముచ్చట దానికి లేదు. పొద్దున్నే లేచి, మూట సర్దుకుని, దారి ఎటో తెలియకపోయినా బయల్దేరే దిగులు. దానికి డ్రమ్స్ మీద పని ఉంది, ఆర్గన్ మీద పని ఉంది, శ్రుతి సరిచూసుకునే పని ఉంది. దుఃఖంలో ఉన్నవాళ్లకి ఊరట మాటలు చెప్పేవాళ్లు చాలామంది. వాళ్ల చేతికి పని అందించేవాళ్లు తక్కువ. నువ్వు పని అందించావు.

అలా వెనక్కి నడిచి నడిచి 'ద నైట్ బిఫోర్' చేరతావు. డ్రమ్స్ దారిలోనే ఆగిపోతాయి. పియానో, దాని పక్కన గొంతు. పసివాణ్ణి నిద్రపుచ్చుతున్నంత మెత్తగా ఉంటుంది. ఆ రాత్రి తర్వాత ఏం జరగబోతోందో మనకి ఎనిమిది పాటలుగా తెలుసు. పాడుతున్నవాడికి తెలియనట్టే ఉంటుంది. మరోచోట అయితే మామూలు జోలపాట అనిపించేది, ఇక్కడ గొంతుకి అడ్డం పడుతుంది. వరస మార్చి, ఈ పాటని మొదట పెట్టి 'ద డే ఆఫ్టర్'ని చివర పెడితే నువ్వు ఒక విషాద కథవి మాత్రమే అయ్యేవాడివి. ఇలా పెట్టినందువల్ల పోయినదంతా చివరికి ఇంకా పోని చోటికి వచ్చి నిలిచింది. రోజులు చేయలేని పనిని పాటల వరస చేసింది.

నీ తర్వాత రివర్‌సైడ్ ఆగలేదు. 2020లో మెల్లర్ అతిథి స్థానం నుంచి ఇంట్లోకి వచ్చాడు. 2023 జనవరిలో నలుగురూ కలిసి 'ఐడి.ఎంటిటీ' తెచ్చారు. హుషారైన రికార్డు, ఈ కాలం మీద కసురుకునే రికార్డు. ఆ హుషారుకి అడ్డదారి లేదు, నీ మీదుగానే నడిచి వచ్చింది. కుర్చీ ఖాళీగా ఉన్నన్నాళ్లూ దాన్ని ఖాళీగా ఉంచగలిగారు గనకే, ఇంకొకరు వచ్చినప్పుడు పక్కన వేరే కుర్చీ వేయగలిగారు.

సగం దారిలో తోడు తప్పిపోయిన వాళ్లందరి తరఫునా నీకు దండం, వేస్ట్‌లాండ్. పోయినవాడి వంతు వచ్చినప్పుడు పాట ఆపేయడం గౌరవమని అనుకుంటాం. ఉన్న తీగనే ఒక స్థాయి పైకి బిగించి, ఆ వంతు కూడా పాడి ముగించడం అంతకన్నా పెద్ద గౌరవమని నువ్వు చేసి చూపించావు.