గంగాధరం వాళ్లింట్లో ఏం జరుగుతుంటుంది?

‘స్వాతికిరణం’ చూసినవాళ్లంతా గంగాధరం కోసం ఏడుస్తారు. నాకు మాత్రం మొదటిసారి చూసినప్పుడు అనంతరామశర్మే అర్థమయ్యాడు. అందుకు కారణం మా తమ్ముడు.

మాది రేపల్లె. తమ్ముడు ఆరో క్లాసులో ఉండగా చర్చి క్వాయర్‌లోకి తీసుకున్నారు. అంతమంది పెద్దవాళ్ల మధ్య వాడొక్కడే పిల్లాడు. ఇక ఆ రోజు నుంచి మా ఇల్లు వాడి గొంతు చుట్టూ తిరిగింది. పెరుగు బంద్, ఐస్ బంద్. వాడికొక్కడికే కాదు, ఇంటిల్లిపాదికీ, చూస్తే అడుగుతాడని. బడి నుంచి రాగానే ప్రాక్టీసు, హోంవర్కు చర్చి బల్ల మీద. డిసెంబరొస్తే అర్ధరాత్రి దాకా క్యారల్స్, తెల్లారితే హాఫియర్లీ పరీక్ష. సైకిల్ వెనక కూర్చుని నిద్రపోయేవాడు. వాడు పడిపోకుండా నాన్న సైకిల్ దిగి నడిపించుకుంటూ వచ్చేవాడు. లెక్కల్లో ఎన్నొచ్చాయని వాణ్ణెవరూ అడగలేదు. నన్ను అడిగేవాళ్లు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం పేర్లు అచ్చేసి ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు మన రాగాల్లోనే కట్టారు కదా. “పిల్లాడికి రాగజ్ఞానం ఉండాలమ్మా” అన్నారు అయ్యగారు. అంతే! ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మా వాడూ తెనాలి ప్యాసింజరెక్కి సంగీతం మాష్టారి దగ్గరికి. ఇంట్లో అన్నం వార్చేది నేను.

ఆ రైలు భట్టిప్రోలు మీదుగానే పోతుంది. కె.విశ్వనాథ్ 1930లో పుట్టిన పెదపులివర్రు ఆ చుట్టుపక్కలే. సంగీతం వచ్చిన పిల్లాడి కథని 1992లో ఆయన ఎంత నిర్దయగా తీశాడంటే, గురువు అసూయని అంత దగ్గర్నుంచి చూపించిన తెలుగు సినిమా నాకు ఇంకోటి కనపడలేదు. మమ్ముట్టి మొహంలో ఆ అసూయ ముందు మెచ్చుకోలులా మొదలవుతుంది. అదే భయం వేస్తుంది. ఎందుకంటే నాకూ అలాగే మొదలైంది. క్వాయర్‌లో వాడి గొంతు విడిగా లేచినప్పుడు మొదట గర్వం. ఆ తర్వాత, ఈరోజు వాడికి జలుబు చేస్తే బాగుండు అని.

కానీ ఒకచోట విశ్వనాథ్‌తో నాకు పేచీ ఉంది. శారద ఆ పిల్లాణ్ణి తెచ్చుకుని కన్నకొడుకులా చూసుకుంటుంది. రాధిక చాలా బాగా చేసింది, కాదనను. అయితే అక్కణ్ణించి సినిమా మనసంతా గురువుగారి ఇంట్లోనే ఉంటుంది. పిల్లాడు వెళ్లిపోయిన ఇంట్లో సాయంత్రాలు ఎలా గడుస్తాయి? కంచాలు ఎన్ని పెడతారు? ఆ ప్రశ్నల దగ్గర సినిమా ఆగదు. కళ కోసం పిల్లాణ్ణి ఇచ్చేసిన ఇంటిని దాటిపోవడం మన కథలకి బాగా అలవాటు.

రెండోది గొంతు. ఈమధ్య తమ్ముడూ నేనూ కలిసి మళ్లీ చూశాం. పాట సగంలో వాడన్నాడు: “ఇది పిల్లాడి గొంతు కాదక్కా.” నిజమే. గంగాధరానికి పాడింది వాణీ జయరాం, అప్పటికి నలభై దాటిన మనిషి. ఆ పాటకి జాతీయ అవార్డు కూడా వచ్చింది, న్యాయంగానే. మన సినిమాల్లో ఇది మామూలే. రేపల్లె దగ్గరి పల్లపట్లలో పుట్టిన ఎస్.జానకి చిన్నపిల్లల గొంతుతో పాడితే ఎవరికైనా నవ్వొస్తుంది, ముద్దొస్తుంది. కానీ ఆడగొంతు పగలదు. మగపిల్లాడి గొంతు పగులుతుంది. ఇంగ్లండు కెథడ్రల్ క్వాయర్లలో పాడే పిల్లలకి ఆ గడువు ముందే తెలుసు, వాళ్ల ఇళ్లకీ తెలుసు. గొంతు మారిందా, ఆ పిల్లాడి చోటు ఇంకొకడిది. గంగాధరం ఆ గడువు దాకా బతకడు. చావు వాణ్ణి ఎప్పటికీ బాలమేధావిగానే ఉంచేసింది. విషాదం పెద్దదైంది కానీ, అసలు కష్టమైన సీను తప్పించుకున్నట్టే అనిపిస్తుంది నాకు.

ఎందుకంటే ఆ సీను మా ఇంట్లో జరిగింది. తొమ్మిదో క్లాసు డిసెంబర్లో, క్యారల్స్‌కి వారం ముందు, పైస్థాయిలో తమ్ముడి గొంతు చీలిపోయింది. అయ్యగారు భుజం తట్టి వెనక వరసలో నిలబెట్టారు. తర్వాత వాడు బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదివాడు, బాగానే ఉన్నాడు. ఆ రాత్రి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. మూడేళ్ల తర్వాత మొదటిసారి అమ్మ గిన్నె నిండా పెరుగు తెచ్చి మధ్యలో పెట్టింది. తమ్ముడు ముట్టుకోలేదు. నేను రెండుసార్లు వేయించుకున్నాను.