ఇంతకీ ఆవిడ తప్పు చేసిందా?

షార్ట్ ఫిలిం తీస్తామని స్క్రిప్టు పట్టుకొచ్చే కుర్రాళ్ళకి నేను ముందుగా చూపించేది ‘గ్రహణం’. ఇంద్రగంటి మోహనకృష్ణ తొలి సినిమా, 2004 నాటిది. ఆయన పుట్టింది మన తణుకులోనే. చలం కథ ‘దోషగుణం’ ఆధారంగా, డిజిటల్ కెమెరాతో, చిన్న ఖర్చుతో తీశారు. జాతీయ అవార్డుల్లో తొలి చిత్ర దర్శకుడికి అప్పట్లో ఇందిరాగాంధీ పేరిట ఇచ్చిన పురస్కారం ఆ ఏడాది దానికే వచ్చింది.

సినిమా అయ్యాక కుర్రాళ్ళు కాసేపు నసుగుతారు. ఆనక ఎవరో ఒకరు అడిగేస్తారు: “ఇంతకీ ఆవిడ తప్పు చేసిందా లేదా అండీ?”

కథ ఇదీ. కలిగిన ఇంటి ఇల్లాలు ఒక చదువుకునే కుర్రాణ్ణి ఆదరిస్తుంది. వాడికి ప్రాణం మీదికొచ్చే జబ్బు చేస్తుంది. తనకన్నా పెద్దదానితో సంబంధం వల్ల వచ్చిన దోషమని, ఆమె రక్తంతోనే నయమవుతుందని వైద్యం తెలిసినాయన చెబుతాడు. కుర్రాడి తల్లిదండ్రులు ఆ ఇంటికొచ్చి ప్రాధేయపడతారు. రక్తం ఇస్తే ఒప్పుకున్నట్టు. ఇవ్వకపోతే పిల్లాడి ప్రాణం పోయేట్టు. చివరికి ఆమె ఇల్లే ఆమెకి కాకుండా పోతుంది. వాళ్ళిద్దరి మధ్య ఏముందో సినిమా తేల్చి చెప్పదు.

“తప్పు చేసిందా” అని అడిగిన కుర్రాడితో నేననేది ఒకటే. ఆ ప్రశ్న సినిమాలో ఎవరిది? ఆవిడ భర్తది. గంటన్నరపాటు ఆమె బాధ పక్కనే కూర్చుని, లేచేటప్పుడు మనమూ ఆయన అడిగిందే అడుగుతున్నాం. చేయలేదని తేలితేనే జాలిపడతామా? జవాబు చెప్పేసి ఉంటే ఈ సంగతి మనకి తగిలేదే కాదు. మనుషుల మధ్య చిక్కుల్ని కథగా రాసేవాడికి ఇంతకు మించిన పాఠం నేనెక్కడా చూడలేదు.

పాత్రలకి మనుషుల్ని ఎంచుకున్న తీరూ గమనించాలి. భర్తగా తనికెళ్ళ భరణి, ఆ ఇల్లాలిగా జయలలిత. వాంప్ వేషాల్లో, కామెడీ వేషాల్లో ఆమెని చూసి చూసి ఉన్నాం. ఆ పాత చూపుతోనే మనం సినిమాలోకి అడుగుపెడతాం. ఊరి అనుమానం సగం మన కళ్ళల్లో ముందే సిద్ధంగా ఉంటుంది.

మన గోదావరిని తెర మీద అందంగా చూపించినవాళ్ళకి లోటు లేదు. ‘మూగమనసులు’, ‘అందాల రాముడు’, శేఖర్ కమ్ముల ‘గోదావరి’ నాకూ ఇష్టమే. పడవ, రేవు, పాపికొండలు ఎన్నిసార్లయినా చూస్తాను. కానీ ఇక్కడి సంసారాలు నడిచేది ‘గ్రహణం’లోలాగే నడిమింట్లో, పెరట్లో, మూసిన తలుపుల వెనక. అక్కడికి కెమెరా వెళ్ళాలంటే పెద్ద క్రేన్లు అక్కర్లేదు. నిశ్శబ్దం కావాలి. అది దొరకడమే కష్టం. భీమవరం చుట్టుపక్కల సింక్ సౌండ్‌తో (అక్కడికక్కడే శబ్దం రికార్డు చేస్తూ) తీయబోతే రొయ్యల చెరువులకి గాలి పట్టే ఏరియేటర్ల మోత తెల్లారేదాకా ఆగదు.

ఈమధ్య పాలకొల్లు వైపు కుర్రాడొకడు స్క్రిప్టు తెచ్చాడు. భర్త పోయిన ఒకావిడ, ఆయన స్నేహితుడు. పొలం కౌలు చేసేది ఆ స్నేహితుడే. పంటకోసారి డబ్బు తెచ్చి అరుగు మీద కూర్చుంటాడు. ఆవిడ నోట్లు లెక్కపెట్టుకుని లోపలికెళ్ళి, స్టీలు గ్లాసులో కాఫీ తెస్తుంది. గ్లాసు మీద చనిపోయినాయన పేరు చెక్కి ఉంటుంది. అతను ఆ అక్షరాల మీద వేలు పడకుండా గ్లాసుని కాస్త తిప్పి పట్టుకుంటాడు. ఇంత గొప్పగా రాసి, తర్వాతి సీన్లో ఆవిడ చేత చెల్లెలికి మనసులో ఉన్నదంతా చెప్పించాడు, రెండు పేజీలు.

ఆ సీను కొట్టేయమన్నాను. “జనానికి అర్థం కాదేమోనండీ గురువుగారూ” అన్నాడు. పేర్లు చెక్కించిన స్టీలు సామాను లేని ఇల్లు మీ ఊళ్ళో ఒక్కటైనా ఉందిరా అన్నాను. వాడింకా ఒప్పుకోలేదు, రెండు రకాలుగానూ తీసి ఎడిటింగులో చూద్దామంటున్నాడు. తీయనీ. ఎడిటింగు బల్ల దగ్గర వాడి పక్కన నేనుంటాను.