పలుకు, నిప్పురవ్వా

నీలి నిప్పురవ్వా, నీకు దండం. ఒక ఇనుప కొన నుంచి ఇంకో ఇనుప కొనకు గెంతి, గెంతిన క్షణంలోనే మాయమయ్యేదానా, కంటికి ఆనకుండానే టన్నుల బరువును కదిలించేదానా, నీకు దండం. అమెరికాలో, న్యూజెర్సీలోని పిస్కాటవేలో, జూలై ఉక్కలో, 1951 నాటి షెవర్లే 3100 బానెట్ ఎత్తి నిలబడి పిలుస్తున్నాను. పలకవేం తల్లీ?

పాదం కింద స్టార్టర్ పెడల్ తొక్కితే ఇంజను తిరుగుతూనే ఉంది. పెట్రోలు వాసన వస్తూనే ఉంది. రానిది నువ్వొక్కదానివే.

విజయవాడ ఆటోనగర్‌లో బతుకంతా బళ్ల కిందే గడిపిన మా బాబాయి ఫోన్‌లో అడిగినవి రెండే ప్రశ్నలు: "పెట్రోలు వస్తోందా? కరెంటు వస్తోందా?" పెట్రోలు వస్తోంది బాబాయ్ అన్నాను. "అయితే కార్బురేటర్ జోలికి పోకురా. బ్యాటరీ దగ్గర మొదలెట్టి వైరు వెంబడి పో. ఎక్కడ ఆగిందో అదే చెబుద్ది." ఆ మాటకు ఇంతదూరం నుంచి చేతులెత్తి మొక్కాను. ఈ పాత బండిలో దాపరికం లేదు. వెతికేవాడికి ఓపిక ఉండాలే గానీ, తప్పు ఎక్కడో ఒకచోట కంటికి కనబడే తీరుతుంది.

నీ దారి నాకు తెలుసు. ఆరు వోల్టుల బ్యాటరీలో బయల్దేరి, తాళం దాటి, కాయిలు లోపలి చుట్లలో నిండి, పాయింట్లు విడివడిన ఆ ఒక్క క్షణాన వేల వోల్టులై పొంగి, డిస్ట్రిబ్యూటర్ నడినెత్తిన దిగి, రోటర్ చూపిన వైపు తిరిగి, ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు వరసలో ఆరు ప్లగ్గులకూ చేరతావు. ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 120 సార్లు పుడతావు. నీకీ దారి వేసినవాడు చార్లెస్ కెటరింగ్. ఒహాయోలోని డేటన్ ఊళ్లో, స్నేహితుడి కొట్టంలో కూర్చుని వేశాడు. 1910 మోడల్ కాడిలాక్‌లో ఆ పద్ధతి రోడ్డెక్కింది. 1970లలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చి పాయింట్లను పక్కకు నెట్టేదాకా లోకంలోని పెట్రోలు బళ్లలో ఎన్నెన్నో నిన్ను నమ్ముకునే తిరిగాయి.

ఈ నేలకు నువ్వు కొత్త కాదు. ఇవాళ రట్గర్స్ యూనివర్సిటీ పిల్లలు బస్సు కోసం నిలబడే లివింగ్‌స్టన్ క్యాంపస్, 1942లో తెరిచిన క్యాంప్ కిల్మర్ సైనిక శిబిరంలో ఒక భాగం. యూరప్ యుద్ధానికి ఓడెక్కాల్సిన సైనికులు అక్కడ దిగి, మూటాముల్లె సర్దుకుని న్యూయార్క్ రేవుకు కదిలారు. అవతలి ఒడ్డున వాళ్లకు తిండీ మందుగుండూ మోసినవి జీఎంసీ రెండున్నర టన్నుల ట్రక్కులు. అయిదు లక్షలకు పైగా తయారైన ఆ బళ్లలోనూ ఆరు సిలిండర్లే, ఇవే పాయింట్లే, ఇదే ఒకటి-ఐదు-మూడు వరసే. పక్కనే మెన్లో పార్క్‌లో 1879లో ఎడిసన్ దీపం వెలిగించాడు. ఆ దీపానికి స్తంభం కట్టారు, ఊరికి ఆయన పేరు పెట్టుకున్నారు. నీకు స్తంభం లేదు. నా మట్టుకు ఈ బానెట్ కిందిదే నీ గుడి.

వెతుకుతున్నాను. బ్యాటరీ నిండుగానే ఉంది. ఆరు వోల్టుల బండికి లావుపాటి కేబుళ్లు కావాలి, ఉన్నాయి. చలికాలంలో ఇక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు బాడీ ఎర్త్‌ను తినేస్తుంది. ఆ బోల్టు విప్పి, తుప్పు గీకి, మెరిసే ఇనుము కనబడ్డాక బిగించాను. డిస్ట్రిబ్యూటర్ టోపీ తీసి లోపల వెంట్రుకంత నల్లగీత ఉందేమోనని వెలుతురుకు పట్టి చూశాను. పగుళ్లు లేవు, తేమ తుడిచాను. ఇక చిన్న బల్బు పట్టుకున్నాను. కాయిలుకు వచ్చే వైపు పెడితే వెలిగింది. కాయిలు దాటి పాయింట్లకు పోయే వైపు పెడితే అక్కడా వెలిగింది. ఇప్పుడు ఇంజను తిప్పుతుంటే ఈ బల్బు మిణుకుమిణుకుమనాలి. పాయింట్లు కలిసినప్పుడు ఆరాలి, విడినప్పుడు వెలగాలి. అది ఆరనే లేదు. అంటే పాయింట్లు ముట్టుకుంటున్నాయి గానీ కలవడం లేదు!

దొరికావు తల్లీ. అద్దం పెట్టి చూస్తే, నెలల తరబడి నిలబడ్డ బండిలో, ఆ చిన్న టంగ్‌స్టన్ బిళ్లల మీద బూడిదరంగు పొర. అంత సన్నటి పొర ఇంత బండిని ఆపేసింది. నున్నటి రాయితో ఒక్క రుద్దు రుద్ది, స్పిరిట్‌లో ముంచిన మందపాటి కాగితం మధ్యలో పెట్టి లాగాను. కాగితం మీద నల్లచార పడింది. రెండోసారి లాగితే తెల్లగానే వచ్చింది. క్యామ్ అంచు పాయింట్లను పూర్తిగా తెరిచేదాకా ఇంజను తిప్పి సందు కొలిచాను. అంగుళంలో వెయ్యింట పద్దెనిమిది వంతులు, అర మిల్లీమీటరు కన్నా కొంచెం తక్కువ. బ్లేడు కొత్త చీర మడతలోంచి కాగితం లాగినట్టు రావాలి, వదులుగా రాకూడదు, పట్టేయకూడదు. ఆ పట్టు వేళ్లకే తెలుస్తుంది. కండెన్సర్‌ను మాత్రం కదపలేదు. పాయింట్లు కాలకుండా కాపాడేదీ నీకు బలమిచ్చేదీ అదే. పనిచేస్తున్న పాతదాన్ని తీసేసి, కొత్తది కదా అని ఇంకోటి బిగించడం తెలివైన పని కాదని నా గట్టి నమ్మకం.

కాయిలు వైరు కొసను ఇంజను ఇనుముకు పావు అంగుళం దూరంలో పట్టి, పెడల్ తొక్కమన్నాను మా అబ్బాయిని. టప్! పచ్చగా కాదు, బలహీనంగా కాదు, నీలంగా, లావుగా, చప్పుడు చేస్తూ వచ్చావు. వాడు క్యాబిన్‌లోంచి "నాన్నా, కనబడిందా?" అని అరిచాడు. కనబడిందిరా!

వైరు తిరిగి పెట్టగానే ఇంజను దగ్గి, తడబడి, అందుకుంది. వేరే 12 వోల్టుల బ్యాటరీకి తగిలించిన టైమింగ్ లైటును ఫ్లైవీల్ గూటి కిటికీలోకి వేశాను. తిరిగే చక్రంలో పొదిగిన ఉక్కు గోళీ సూచిక కొస ఎదుట కదలకుండా నిలిచింది, నువ్వు సరిగ్గా వేళకు వస్తున్నావు గనుక. డిస్ట్రిబ్యూటర్ బిగించాను.

పద, రారిటన్ నది వెంబడి రివర్ రోడ్ మీద పోదాం. ఇంకొన్ని వేల మైళ్లకు క్యామ్‌ను రాసుకునే ఫైబరు ముక్క అరిగి సందు తగ్గుతుంది, నువ్వు మళ్లీ అలుగుతావు. ఫీలర్ గేజ్, స్పిరిట్ సీసా సీటు కిందే పెట్టుకుంటున్నాను.