కింక్స్ పాటల్లో అద్దె ఇల్లు, సొంత ఇల్లు

ఇంగ్లీషు పాప్ బృందం గురించి ఈ పేజీల్లో రాయటమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. పాప్ సంగీతం మార్కెట్టు సరుకన్నది నిజమే. అచ్చయ్యే నవల మాత్రం ఆ మార్కెట్టుకు వెలుపల ఉందా?

నేను చెప్పేది ఉత్తర లండన్ బృందం 'కింక్స్' గురించి. పాటల్లో అత్యధికం రాసిన రే డేవిస్ శ్రామిక కుటుంబంలో ఆరుగురు అక్కల తర్వాత పుట్టినవాడు. 1966 నాటి 'డెడ్ ఎండ్ స్ట్రీట్'లో పేదరికం మీద ఉపన్యాసం లేదు. కారే సింకు, చలి, అద్దె వసూలుకొచ్చి తలుపు తట్టే మనిషి, ఇవే ఉన్నాయి. బాణీ మాత్రం హుషారుగా సాగుతుంది. ఆ హుషారే గుండెను పిండుతుంది.

అదే ఏటి 'సన్నీ ఆఫ్టర్నూన్'లో పన్నులవాడు తనను ఊడ్చేశాడని ఒక ధనికుడు వాపోతాడు. రచయిత అడ్డుపడడు; ఆ మనిషి నోటితోనే ఆ మనిషిని బయటపెడతాడు. గిరీశాన్ని ఎరిగిన మనకిది కొత్త శిల్పం కాదు. ఆ ఏడే బీటిల్స్ జార్జి హారిసన్ రాసిన 'టాక్స్‌మన్'లో మాట్లాడేది పన్నులవాడే అయినా, ఫిర్యాదు రచయితదే. ఆ తేడా చిన్నది కాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1969 నాటి 'ఆర్థర్' ఆల్బంలోని 'షాంగ్రీ-లా'. జేమ్స్ హిల్టన్ 1933 నవలలో కల్పించిన స్వర్గసీమ ఇక్కడ ఒక చిన్న ఇంటి పేరైంది. పెరటి మరుగుదొడ్డి పోయింది, తాకట్టూ వాయిదాలూ వచ్చాయి. రోజూ రైలెక్కి పనికి పోయే ఆ మనిషికి గొంతెత్తాలంటే భయం. మెల్లగా గిటారుతో మొదలైన పాట మధ్యలో గట్టిపడి వీధి వీధినంతా వెక్కిరిస్తుంది. మళ్లీ జాలిగా ఆ మనిషి దగ్గరికే వస్తుంది. ఇంటి అప్పు కడుతున్న బడిపంతుల్ని కనుక, నా నవ్వు ప్రతిసారీ సగంలోనే ఆగిపోతుంది. బ్రిటన్‌లో ఈ పాట అమ్మకాల పట్టికకే ఎక్కలేదు.

డేవిస్‌లో లోపం లేదనను. 1968 నాటి 'విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ'లో పాత ఇంగ్లండు మీద బెంగ ఉంది. అదంతా వ్యంగ్యమేనంటే నేనొప్పుకోను. అందులో సగం ప్రేమే. ఆ పచ్చిక ఎవరి భూమి, చుట్టుపక్కల చేలు ఎవరు దున్నారు అని అతడు అడగడు. 1971 నాటి 'మస్వెల్ హిల్‌బిల్లీస్'కు వచ్చేసరికి అదే బెంగకు కారకులు కనబడతారు. పునర్నిర్మాణం పేరిట లండన్ పాతపేటల జనాన్ని తరలించిన కాలమది. అందులో ఒక పాట, ఇల్లు బలవంతంగా స్వాధీనం చేసుకుంటున్నామని పొద్దున్నే వచ్చిన ఉత్తరంతో మొదలవుతుంది.