మూడు క్రోమోజోముల పనిమంతురాలు

వంకాయ ఆకు వెనక్కి తిప్పితే సన్నటి గూడు, దాని కింద కదిలే ఎర్రటి నలుసులు. కరీంనగర్ కూరగాయ మళ్లలోనైనా, ఆదిలాబాద్ పత్తి చేలలోనైనా ఎర్రనల్లి అంటే రైతుకు పగ. తల్లి నల్లి పొడవు అర మిల్లీమీటరు. పురుగు అంటాం గానీ ఇది సాలీడుకు, తేలుకు, పశువులను పీడించే గోమారికి చుట్టం. పుట్టినప్పుడు ఆరు కాళ్లే, తొలి కుబుసం విడిచాకే ఎనిమిది. పంట నష్టం సంగతి కాసేపు పక్కన పెట్టి, దీని కణంలోని పనితనం చూద్దాం.

శాస్త్రజ్ఞులు బాగా చదివిన ఎర్రనల్లి టెట్రానికస్ అర్టికే. ఆడదానిలో క్రోమోజోములు 6, మగదానిలో 3. ఆడా మగా తేల్చే ఎక్స్ లేదు, వై లేదు. వీర్యకణం కలిసిన గుడ్డు ఆడది, కలవనిది మగది. అంటే మగనల్లికి తండ్రి ఉండడు, తాత మాత్రం ఉంటాడు! జత దొరకని తల్లి పెట్టే గుడ్లన్నీ కొడుకులే. జతకట్టిన తల్లికి కూతుళ్లే ఎక్కువ. ఇందులోనూ ఆమె చెయ్యి ఉంది. పెద్ద గుడ్లలోనే వీర్యకణం కలిసే అవకాశం ఎక్కువని 2011లో వెలువడిన ప్రయోగాలు చూపాయి. గుడ్డు సైజు పెంచీ తగ్గించీ ఆడా మగా లెక్క సరిచూసుకునే తల్లి ఇది.

ఆ మూడు క్రోమోజోముల తయారీ ఇంకా ముచ్చటైనది. మన క్రోమోజోముకు ఒక్కచోటే పట్టు. కణం చీలేటప్పుడు దారపు పోగులు అక్కడే పట్టి లాగుతాయి, పట్టు లేని ముక్క విరిగిపడితే దారి తప్పుతుంది. నల్లి క్రోమోజోముకు ఒళ్లంతా పట్టే. ఎక్స్‌రేలతో విరగ్గొట్టినా ముక్కలు తమ దారిన తాము నడవగలవని 1970లలోనే చూశారు. ఎర్రనల్లి కుటుంబపు జాతుల్లో జతకు ఒక్కటి చొప్పున లెక్కిస్తే రెండు నుంచి ఏడు దాకా క్రోమోజోములు కనిపిస్తాయి. విరిగినా అతికినా బతుకు ఆగని ఇలాంటి కట్టడంలో సంఖ్య మారడం సులువే.

చుట్టాల ఇళ్లలో పద్ధతి వేరు. ఆవును పట్టే గోమారిలో ఆడదానికి 22, మగదానికి 21. ఎక్స్ ఉంది, వై లేదు. చేలో తిరిగే తోడేలు సాలీళ్లలో మామూలుగా ఆడదానికి 30, మగదానికి 28. ఆడదానిలో రెండు రకాల ఎక్స్‌లు జంటలుగా, మగదానిలో ఒక్కొక్కటిగా ఉంటాయి. ఎక్స్ మరో క్రోమోజోముతో అతుక్కుంటే, ఆ క్రోమోజోము పాత జంట మగవాటిలో మిగిలిపోయి కొత్త వై పాత్ర ఎత్తుకుంటుంది. కొన్ని సాలీళ్లలో జరిగింది ఇదే. ఎర్రతేలులో ఆడామగా తేడా చూపే క్రోమోజోమే సూక్ష్మదర్శినికి కనబడదు.

పొదుపులో మాత్రం నల్లిని మించినవారు తక్కువ. 2011లో చదివిన దాని జన్యు లిపి సుమారు 9 కోట్ల అక్షరాలు. గోమారిది 700 కోట్ల పైచిలుకు. గోమారి అన్ని కాగితాలు ఏం చేసుకుంటుందో గానీ, నల్లి చిన్న చిట్టాతోనే పని గడుపుతుంది.

క్రోమోజోముల్లో మగనల్లి చూపే ఒంటి ప్రతి పొదుపే రైతు మెడకు చుట్టుకుంది. మందును తట్టుకునే జన్యువు ఒక్క ప్రతే ఉన్న మగనల్లిలో దాక్కోలేదు, వెంటనే పరీక్షకు వస్తుంది, నెగ్గితే కూతుళ్లందరికీ చేరుతుంది. ఎండల్లో వారం పది రోజులకో తరం. అందుకే 90కి పైగా మందులను ఈ నల్లి తట్టుకుంటున్న దాఖలాలున్నాయి. ఒకే మందు మళ్లీ మళ్లీ కొట్టకండి, రకం మార్చండి.

డిగ్రీ కాలేజీల జంతుశాస్త్ర అధ్యాపకులకు ఒక మాట. తాజా నల్లి గుడ్లను ఆసిటో ఆర్సీన్‌లో నలిపి, నూనె కటకం కింద పెట్టండి. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. మూడు కనిపిస్తే కొడుకు, ఆరు కనిపిస్తే కూతురు. లెక్క విద్యార్థులనే పెట్టనివ్వండి.