హామ్‌లో కామాక్షమ్మ తేరు

జర్మనీలోని హామ్ నగరం చివర ఊంట్రోప్ అనే ప్రాంతంలో ఒక పారిశ్రామికవాడ ఉంది. గిడ్డంగులు, లారీలు, కాస్త ఎడంగా ఒక విద్యుత్ కేంద్రం. వాటి మధ్య 17 మీటర్ల ద్రావిడ గోపురం. అదే శ్రీ కామాక్షి అంబాళ్ ఆలయం. మే, జూన్ నెలల్లో రెండు వారాల పాటు సాగే మహోత్సవంలో తేరు లాగే ఆదివారం ఇక్కడికి వేల సంఖ్యలో జనం వస్తారు. చాలామంది ఈళం (శ్రీలంక) తమిళులే. పక్క దేశాల నుంచీ బస్సులు కట్టుకుని వస్తారు.

ఈ గుడి ప్రభుత్వాలో కోటీశ్వరులో కట్టించింది కాదు. 1983 నాటి తమిళ వ్యతిరేక అల్లర్ల తర్వాత శ్రీలంక నుంచి కాందిశీకులుగా వచ్చినవాళ్లది. వాళ్లలో ఒకరైన ఆరుముగం భాస్కర గురుక్కళ్ 1989లో హామ్‌లో ఒక ఇంటి నేలమాళిగలో అమ్మవారికి పూజలు మొదలుపెట్టారు. 1993 నుంచి ఊరేగింపు వీధిలోకి వచ్చింది. జనం పెరిగారు, కార్లు పెరిగాయి, ఇరుగుపొరుగు ఫిర్యాదులూ పెరిగాయి. చివరికి ఇళ్లు లేని పారిశ్రామికవాడకు మారారు. కంచి కామాక్షి ఆలయం తీరున కట్టిన కొత్త గుడికి 2002 జూలై 7న కుంభాభిషేకం జరిగింది. భవనం పని జర్మన్ వాస్తుశిల్పిది, శిల్పాల పని భారతదేశం నుంచి వెళ్లిన స్థపతులది.

ఉత్సవం అంటే హడావిడి అని మనవాళ్లలో ఒక చిన్నచూపు ఉంది. నిజానికి అందులో ప్రతి అంగానికీ లెక్క ఉంది. మూలవిరాట్టును యంత్రంతో, అష్టబంధనంతో పీఠంపై ప్రతిష్ఠించాక ఇక కదపరు. గుడిలోకి రాలేని ముసలివాళ్లకు, రోగులకు, దారిన పోయేవాళ్లకు దర్శనం ఎలా? అందుకే పంచలోహాల ఉత్సవమూర్తి. మొదట పాలికల్లో మట్టి పోసి నవధాన్యాలు చల్లి అంకురార్పణ చేస్తారు. తర్వాత ధ్వజారోహణం. అష్టదిక్పాలకులను ఆహ్వానించి, పూట పూటకూ బలి సమర్పిస్తారు. రోజుకో వాహనం మీద అమ్మవారి సేవ. ధ్వజారోహణాన్ని సృష్టిగా, వాహన సేవలను స్థితిగా, త్రిపుర సంహారాన్ని తలపించే రథోత్సవాన్ని లయగా శైవులు చెప్పుకుంటారు. జొన్నవాడ కామాక్షితాయి బ్రహ్మోత్సవాలు చూసిన నెల్లూరువాళ్లకు ఈ క్రమం వివరించనక్కర్లేదు. ధ్వజారోహణం రోజు ప్రసాదంగా ఇచ్చే కొడిముద్ద కోసం సంతానం లేని ఆడవాళ్లు అక్కడ కొంగు పట్టి నిలబడతారు.

హామ్‌లో తేరుకు రెండు మోకులు. ఒకటి మగవాళ్లు పట్టుకుంటే, రెండోది ఆడవాళ్లు పట్టుకుంటారు. ముందు నాదస్వరం, తవిల్. కావళ్లు మోసేవాళ్లు, పాలకుండలు ఎత్తుకున్నవాళ్లు, పొర్లుదండాలు పెట్టేవాళ్లు. కొందరు బుగ్గల్లో శూలాలు గుచ్చుకుని మొక్కు తీర్చుకుంటారు. జర్మన్ కెమెరాలన్నీ అటే తిరుగుతాయి. అదొక్కటే ఉత్సవమన్నట్టు రాసే పత్రికలంటే నాకు చిరాకు. అసలు విద్య మోకులో ఉంది. వందల చేతులు ఒక్క కేక మీద ఒకేసారి లాగాలి, ఒకేసారి ఆపాలి. కొందరు ముందు లాగి కొందరు వెనక లాగితే తేరు కదలదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మర్నాటి తీర్థం. తిరుమలలో చక్రస్నానానికి పుష్కరిణి ఉంది, శివక్షేత్రాల్లో త్రిశూల స్నానానికి ఏరో కోనేరో ఉంటుంది. హామ్‌లో ఉన్నది డట్టెల్న్–హామ్ కాలువ. బొగ్గు, సరుకు పడవల కోసం తవ్వింది. అమ్మవారిని ఆ గట్టుకే తీసుకెళ్తారు, భక్తులు అందులోనే మునుగుతారు. ఇది సర్దుబాటు అనుకుంటే పొరపాటు. చెంబు నీళ్లలోకి గంగనూ గోదావరినీ పిలుచుకుని స్నానం చేయడం మన ఇళ్లలో పాత అలవాటే. నీటికి పుట్టుక కన్నా ఆవాహన ముఖ్యం అన్న ఆ పద్ధతే ఇక్కడ పడవల కాలువకూ వర్తించింది. జెండా, రథం, తీర్థం వదలలేదు. నది మాత్రం మారింది. ఏది మార్చవచ్చో ఏది మార్చకూడదో తెలియడమే ఈ సంప్రదాయంలోని నేర్పు.

విదేశాల్లో మన తెలుగువాళ్ల పండగలు ఎక్కువగా అద్దె హాలులో, శనివారం మధ్యాహ్నం, భోజనాలతో ముగుస్తాయి. తప్పు పట్టడం లేదు. సెలవులు దొరకవు, హాలు దొరకడమే గొప్ప. కానీ హాలులో జరిగేది సభ. దేవుడు గడప దాటి వీధిలోకి రావడం ఉత్సవం. కాందిశీకుడిగా వచ్చిన పూజారి, కూలిపనులు చేసుకున్న భక్తులు సాధించినదాన్ని మంచి జీతాల ఇంజనీర్లు ఎందుకు సాధించలేదో మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

జర్మనీలో ఉన్న తెలుగు పిల్లలు ఒక్కసారైనా ఈ తేరు చూడాలి. హామ్ పెద్ద రైల్వే జంక్షన్, చేరడం కష్టం కాదు. తేదీ ఏటా మారుతుంది కాబట్టి ముందే కనుక్కోండి. ఫోన్ జేబులో పెట్టి మోకు పట్టుకోండి.