గంట క్యాసెట్‌కి గంట కాపలా

మినీ డీవీ క్యాసెట్ల రోజుల్లో ఎడిటింగ్ నేర్చుకుందామని జూబ్లీ హిల్స్ కింద కృష్ణానగర్ సందుల్లో ఏ ఎడిట్ రూములో చేరినా, కొత్త కుర్రాడికి ముందు అప్పగించేది కత్తిరింపు కాదు, క్యాప్చర్. కెమెరాలో క్యాసెట్ వేసి, ఫైర్‌వైర్ కేబుల్‌తో సిస్టమ్‌కి కలిపి, ఫుటేజ్ అంతా దింపాలి. గంట క్యాసెట్‌కి గంట పడుతుంది, తొందరపెట్టినా లాభం లేదు. అదేదో గుమాస్తా పని అని చులకన చేసినవాళ్లే ఎక్కువ. ఎడిటర్ తయారయ్యేది ఆ గంటలోనే అని నా నమ్మకం.

1995లో వచ్చిన డీవీలో బొమ్మ టేపు మీదే అంకెల రూపంలో ఉంటుంది. వీహెచ్‌ఎస్‌లో కాపీకి కాపీ తీస్తే రంగులు వెలిసిపోయేవి. ఫైర్‌వైర్‌లో ఆ బాధ లేదు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే డిస్కులో పడతాయి. సోనీ కెమెరాల మీద ఐలింక్ అని రాసి ఉండేదీ ఇదే. బొమ్మకి సెకనుకు 25 మెగాబిట్లు, ధ్వనీ టైమ్‌కోడూ కలుపుకుంటే గంటకి సుమారు 13 జీబీ. 40 జీబీ డిస్కు ఉంటే మూడు క్యాసెట్లతో నిండిపోయేది. డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు గనక ఇరవై నిమిషాల లోపే తెగేది. పెళ్లి వీడియోలో తలంబ్రాలు సగంలో ఉండగా ఫైలు తెగితే మిక్సింగ్ చేసేవాడి తిట్లు వినాల్సిందే.

నిజానికి క్యాప్చర్ షూటింగ్ దగ్గరే మొదలవుతుంది. కెమెరామన్ తీసింది ఒకసారి వెనక్కి వేసి చూసుకుని, టేపుని కాస్త ముందుకు జరిపి మళ్లీ రికార్డు నొక్కాడనుకోండి. మధ్యలో ఖాళీ పడుతుంది, టైమ్‌కోడ్ తెగి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అప్పుడు ఒకే క్యాసెట్‌లో నాలుగో నిమిషం రెండు చోట్ల ఉంటుంది. లాగ్ షీట్ చూసి కావలసిన షాట్లే దింపుదామంటే సాఫ్ట్‌వేర్ తికమకపడి వేరే చోటికి పోతుంది. తెలిసిన కెమెరామన్ ప్రతి షాట్‌కీ ముందూ వెనకా ఐదారు సెకన్లు అదనంగా తిప్పేవాడు. టేపు వేగం అందుకోవడానికి ఆ ప్రీరోల్ కావాలి మరి. ధ్వనిలో ఇంకో మెలిక ఉంది. కొన్ని షాట్లు 12 బిట్, 32 కిలోహెర్ట్జ్‌లోనూ, కొన్ని 16 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లోనూ తీసి ఉంటే, ఒకే ప్రాజెక్టులో వాటిని సరిచూసుకోకపోతే మాట పెదవికి అందదు.

కేబుల్ కలిపేటప్పుడు కెమెరా ఆపి ఉంచాలి, ఆరు పిన్నుల కనెక్టర్‌లో కరెంటు కూడా వస్తుంది కాబట్టి. బ్యాటరీ నమ్ముకోకుండా అడాప్టర్ పెట్టాలి. క్యాసెట్‌ని ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టాలి. బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంటే హెడ్ శుభ్రం చేయాలి. కెమెరాకి యూఎస్‌బీ కూడా ఉంది కదా అని సంబరపడేవారు. చాలా కెమెరాల్లో దాన్నుంచి వచ్చేది ఫొటోలూ, నాసిరకం వీడియోనే.

ఇన్ని చేసినా ఫ్రేములు జారిపోవచ్చు. డిస్కు నెమ్మదైనా, వెనక యాంటీవైరస్ నడిచినా డ్రాప్డ్ ఫ్రేమ్స్ లెక్క పెరుగుతుంది. కుర్రాడు తెర ముందు నుంచి కదలకపోవడానికి కారణం అదే. కదలకపోబట్టే ప్రతి నిమిషమూ చూశాడు. పెళ్లికూతురి మేనమామ ఎవరో, అప్పగింతలప్పుడు ఎవరు మొహం తిప్పుకున్నారో ఎడిటర్ కంటే ముందు అతనికే తెలుసు. టైమ్‌లైన్ మీద కూర్చున్న రోజున ఏ క్లిప్పు ఎక్కడుందో వెతుక్కోడు. సినిమా ఫిల్మ్ రోజుల్లో రష్ ప్రింట్ చూడటం ఇలాంటి శిక్షణే ఇచ్చేది.

క్యాసెట్ పోయి మెమరీ కార్డులొచ్చాక లెక్క మారింది. రామ్‌గోపాల్ వర్మ 2011లో 'దొంగల ముఠా' సినిమాని కార్డు మీద రికార్డు చేసే కెనాన్ 5డీ కెమెరాలతో ఐదు రోజుల్లో తీసేశారు. ఇప్పుడు ఫుటేజ్ దింపడమంటే కార్డుని కాపీ చేయడం. రెండు మూడు చోట్ల కాపీ, చెక్‌సమ్ సరిపోలిందో లేదో చూడటం, అప్పటిదాకా కార్డు ఫార్మాట్ చేయకపోవడం. ఈ క్రమశిక్షణ తక్కువదేం కాదు, పాత రూముల్లో ఇంత జాగ్రత్త ఉండేది కాదు కూడా. కానీ కాపీ అవుతున్నది ఏమిటో ఎవరూ చూడరు.

పాత ఫుటేజ్ సంగతికొస్తే, 2019 డిసెంబరులో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రాంగణంలో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ పాత సినిమాల పరిరక్షణ మీద శిక్షణ శిబిరం పెట్టింది. సినిమాకి ఆ మాత్రం దిక్కుంది. ఇళ్లలో బీరువా అడుగున పడున్న పెళ్లి, సీమంతం, స్కూలు వార్షికోత్సవాల క్యాసెట్లకి ఎవరు దిక్కు? టేపు పాడవకపోయినా, ముందు మూలపడేవి వాటిని ఆడించే కెమెరాలు, కేబుళ్లు. ఆపిల్ 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ 26లో ఫైర్‌వైర్‌ని తీసేసింది. లైనక్స్‌లో 2029 దాకా నిలబెడతామంటున్నారు.

కాబట్టి ఫైర్‌వైర్ పోర్టున్న పాత సిస్టమ్‌ని ఇనుప సామానుకి వేయకండి. ఎల్‌పీ (లాంగ్ ప్లే) మోడ్‌లో రికార్డు చేసిన క్యాసెట్లని ముందు తీయండి, వీలైతే రికార్డు చేసిన కెమెరాతోనే దింపండి. ఎంపీ4 చూసుకోవడానికి చేసుకోండి గానీ, దింపిన డీవీ ఫైలుని మాత్రం ముట్టుకోకుండా రెండు డిస్కుల్లో దాచండి. కంప్యూటర్ తెర మీద కదిలే బొమ్మ అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే కంగారు పడొద్దు, డీఇంటర్‌లేస్ చేస్తే పోతాయి. దింపడం అయ్యాక కూడా క్యాసెట్ పారేయకండి.